ఇరవై నిమిషాల పని

"ఇరవై నిమిషాల పని అక్కా. కాఫీ చల్లారేలోగా అయిపోతుంది," అంటూ శామ్యూల్ బూట్లు విప్పకుండానే లోపలికి వచ్చాడు.

కాఫీ ఇస్తానని ఎస్తేరు అనలేదు. ఆమె చూపు ఆ బూట్ల మీదే ఉంది.

కాడుగోడి రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో, కోళ్ళ అంగడికీ మందుల షాపుకీ మధ్య ఉన్న ఆ ఇంటి ముందుగదే ఎస్తేరు డీటీపీ సెంటర్. పెళ్ళి పత్రికలు, గృహప్రవేశాలు, సంస్మరణ కూటాల కార్డులు, చర్చి కరపత్రాలు... బెంగళూరు తూర్పు కొసన తెలుగులో ఏది అచ్చు కావాలన్నా ఇరవై రెండేళ్ళుగా జనం ఆ గడపే తొక్కుతున్నారు. గదిలో ఒక పాత లాప్‌టాప్. అందులో దానికంటే పాతదైన విండోస్ ఎక్స్‌పీ. ఆ ఎక్స్‌పీ మీద తప్ప మరెక్కడా నడవని తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్. దాన్ని తయారుచేసినవాళ్ళు దుకాణం కట్టేసి చాలాకాలమైంది. కొత్త కంప్యూటర్‌లో వేస్తే అది కళ్ళు కూడా తెరవదు.

ఇప్పుడు ఆ లాప్‌టాప్‌లో చర్చి స్వర్ణోత్సవ కీర్తనల పుస్తకం ఉంది. ఆరువందల పన్నెండు పాటలు, నాలుగువందల నలభై పేజీలు, ఎస్తేరు నాలుగు నెలల కంటిచూపు. ఈ సాయంత్రం ఆరింటికల్లా పీడీఎఫ్ ప్రెస్సుకు చేరాలి. చేరకపోతే వచ్చే ఆదివారం పండగకు పుస్తకం ఉండదు. ఆ చర్చికి ఎస్తేరు చేసే ఆఖరి పని కూడా ఇదే అవుతుంది. ఆ మాట కమిటీ సెక్రటరీ శామ్యూలే అన్నాడు. సర్జాపుర రోడ్డులో తన అపార్ట్‌మెంట్‌లోనే ఎవరో స్టూడియో పెట్టారట, అంతా ఏఐతో చిటికెలో చేసేస్తారట.

సోమవారం నుంచి లాప్‌టాప్ హార్డ్ డిస్క్ టక్కు టక్కుమని కొట్టుకుంటోంది. పీడీఎఫ్ మొదలుపెడితే నలభయ్యో పేజీ దగ్గర బిగుసుకుపోతోంది. ఎప్పుడూ చూసే మెకానిక్ ఫయాజ్ తమ్ముడి పెళ్ళికి చిక్కబళ్ళాపురం పోయి ఫోను తీయడం మానేశాడు. సరిగ్గా అప్పుడే శామ్యూల్ కమిటీ వాట్సాప్ గ్రూపులో ప్రకటించాడు: సిస్టర్ మెషీన్‌కు ఎస్ఎస్‌డీ అనే కొత్త రకం డిస్కు నేనే స్వయంగా వేస్తాను. కింద నలభై మూడు చేతులు జోడించిన బొమ్మలు.

శామ్యూల్ ఏదో కంపెనీలో డైరెక్టర్. దేనికి డైరెక్టరో ఎస్తేరుకు అంతుపట్టలేదు. అడిగితే 'సొల్యూషన్స్' అంటాడు. కంప్యూటర్ల కంపెనీలో ఇరవై ఏళ్ళుగా ఉన్నాడు గానీ, కంప్యూటర్ విప్పి చూసి పద్దెనిమిదేళ్ళయి ఉంటుందని ఆమె అంచనా. అతను బల్ల మీద పెట్టిన స్క్రూడ్రైవర్ల పెట్టెకు ప్లాస్టిక్ కవరు ఇంకా ఊడలేదు.

"ఈ మ్యూజియం పీస్‌ని ఇంకా ఎందుకక్కా వాడుతున్నారు?" అంటూ లాప్‌టాప్‌ను బోర్లించాడు. "అప్‌గ్రేడ్ మైండ్‌సెట్ ఉండాలి మనకి."

"అయ్యో, మైండు అట్లే ఉండాదప్పా. డిస్కే పోతాండాది."

అతను ఒక మూతకు ఉన్న నాలుగు స్క్రూలూ విప్పి లోపలికి తొంగి చూశాడు.

"అది కాదు. అది ర్యామ్ మూత," అంది ఎస్తేరు. "పక్కది ఇప్పు."

"తెలుసక్కా. చెక్ చేస్తున్నానంతే."

తెలిసినవాడు విప్పిన స్క్రూలను బల్ల మీద దొర్లనివ్వడు. ఎస్తేరు కిందకు వంగి ఒకటి ఏరి, మూతలో వేసి పెట్టింది.

పాత డిస్కునూ కొత్త ఎస్ఎస్‌డీనీ రెండు కేబుళ్ళతో తన ఆఫీసు లాప్‌టాప్‌కు తగిలించాడు శామ్యూల్. పాతదానిలో ఉన్నదంతా ఉన్నది ఉన్నట్టు కొత్తదానిలోకి ఎక్కించే ప్రోగ్రాం నడిపాడు. తెర మీద పచ్చగీత పాకడం మొదలైంది. ఇరవై నిమిషాలకు ఆరు శాతం. గంటకు ముప్ఫై ఒకటి. శామ్యూల్ ఆ గంటా ఫోనులో ఎవరికో లీడర్‌షిప్ అంటే ఏమిటో చెప్పాడు. ఎస్తేరు ఆ గంటా డిస్కు టక్కుటక్కులు వింటూ కూర్చుంది. దగ్గేవాడి మంచం పక్కన కూర్చున్నట్టుంది ఆమెకు.

పన్నెండున్నరకు గీత నిండింది.

"డన్!" అన్నాడు. తర్వాత కళ్ళు చిట్లించాడు. "మూడు చోట్ల చదవలేకపోయిందట. స్కిప్ కొట్టాను."

"ఏ మూడు?"

"ఏవైతే ఏముందక్కా? లక్షల్లో మూడు. స్టాటిస్టికల్‌గా జీరో."

అచ్చుపనిలో లక్ష అక్షరాలు సరిగ్గా ఉండి ఒక్కటి తప్పు పోతే, జనం ఆ ఒక్కటే చూస్తారు. పెళ్ళికొడుకు పేరులో పోయిన ఒక్క ఒత్తుకు ఇదే గదిలో రెండు కుటుంబాలు కలబడ్డాయి. అలాంటి చోటికి వచ్చి స్కిప్ కొట్టానని గర్వంగా చెబుతున్నాడు ఈ మహానుభావుడు.

అంతలో వాకిట్లో ఆవులప్ప పిలిచాడు. సంతలో ఉల్లిగడ్డలు అమ్మే ఆవులప్ప, తన కూతురి గృహప్రవేశం కార్డు ప్రూఫ్ కోసం వచ్చాడు.

"ఏమక్కా, మిషన్ రిపేరా? ఎవరీయన?"

"మా చర్చి సెక్రటరీ. ఇరవై నిమిషాల పని అని పదింటికి వచ్చినాడు."

ఆవులప్ప గోడగడియారం చూసి, శామ్యూల్‌ను చూసి, మళ్ళీ గడియారం చూశాడు. "బూట్లు బాగుండాయి," అన్నాడు.

ఎస్తేరు వాకిట్లో నిలబడి ప్రూఫ్ చూపించి, ఆవులప్ప వియ్యంకుడి ఇంటిపేరు సరిచేసి లోపలికి వచ్చేసరికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాల్లో జరగవలసింది జరిగిపోయింది.

శామ్యూల్ ముఖం తెల్లబోయి ఉంది. అతని ఆఫీసు లాప్‌టాప్‌కు ఆమె ఎర్ర పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంది. గురువారం నాడు ముందుజాగ్రత్తగా ఆమె పుస్తకం మొత్తం కాపీ చేసి పెట్టుకున్న పెన్‌డ్రైవ్.

"అక్కా, దీంట్లో భయంకరమైన వైరస్ ఉంది. రాన్సమ్‌వేర్. మీ ఫైళ్ళన్నీ పాడుచేసేసింది."

"ఎవరు చెప్పినారు?"

"బ్యాకప్ ఉందేమోనని ఓపెన్ చేసి చూశాను. అన్నీ పిచ్చి గుర్తులు! పౌండ్ గుర్తులు, డాలర్లు, టోపీ పెట్టిన ఏ లు, తలకిందుల క్వశ్చన్ మార్కులు. ఒక్క ముక్క అర్థమయ్యేలా లేదు. ఇది ఆఫీస్ మెషీన్ అక్కా, వైరస్ ఎక్కిందంటే మా సెక్యూరిటీ టీమ్ నన్ను చంపేస్తుంది. వెంటనే పెన్‌డ్రైవ్ మొత్తం చెరిపేసి ఫార్మాట్ కొట్టేశాను."

ఎస్తేరు ఖాళీ అయిన పెన్‌డ్రైవ్‌ను పీకి చేతిలోకి తీసుకుంది.

"అది వైరస్ కాదురా నాయనా," అంది. "అది తెలుగు."

పాత తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు గుర్తుల చొక్కాలు వేసుకుని తిరుగుతాయి. ఆ ఫాంటు ఉన్న మిషన్‌లో పౌండు గుర్తు క అవుతుంది, టోపీ పెట్టిన ఏ కొమ్ము అవుతుంది. ఆ ఫాంటు లేని మిషన్‌లో అదంతా పిచ్చిగీతలే. తెలుగు డీటీపీ చేసే ప్రతి గదిలో ప్రతి మనిషికీ తెలిసిన సంగతి ఇది. టీ తెచ్చే మనిషికి కూడా తెలుసు. సొల్యూషన్స్ డైరెక్టర్‌కు తెలియలేదు.

"ఓ," అన్నాడు శామ్యూల్. ఎస్ఎస్‌డీని చేతిలోకి తీసుకుని, "అయినా దీంట్లో క్లోన్ ఉంది కదా, ఫుల్ కాపీ. ప్యానిక్ అవ్వకండి," అన్నాడు.

ప్యానిక్ అయి ఫార్మాట్ కొట్టింది ఎవరో ఎస్తేరు అడగలేదు. ఇక పుస్తకం రెండే చోట్ల ఉంది. చావుబతుకుల్లో ఉన్న డిస్కులో, ఇంకా ఎవరూ తెరిచి చూడని ఎస్ఎస్‌డీలో.

శామ్యూల్ ఎస్ఎస్‌డీని లాప్‌టాప్‌లో బిగించాడు. ఆన్ చేస్తూనే ఎఫ్2 నొక్కి, విండోస్ కంటే ముందు వచ్చే ఆ నీలం సెట్టింగుల పేజీలోకి పోయాడు. ఎస్తేరు అతని కుర్చీ వెనకే నిలబడింది.

"ఎస్ఎస్‌డీ వేశాక ఇక్కడ ఒకటి మార్చాలక్కా. యూట్యూబ్‌లో ఎవరిని అడిగినా చెబుతారు. అప్పుడే ఫుల్ స్పీడ్." ఒక వరుస దగ్గర ఆగి ఏదో మార్చి, సేవ్ కొట్టాడు.

విండోస్ గుర్తు వచ్చింది. కింద చిన్న చుక్కలు కదిలాయి. తర్వాత తెర మొత్తం నీలమైంది. మీద తెల్లటి అక్షరాలు. మరుక్షణం లాప్‌టాప్ తనంతట తానే ఆగి, మళ్ళీ మొదలైంది. గుర్తు, చుక్కలు, నీలం. మళ్ళీ గుర్తు, చుక్కలు, నీలం.

శామ్యూల్ నుదుటి మీద చెమట పట్టింది. ఎస్ఎస్‌డీ ఊడదీసి పాత డిస్కు బిగించాడు. ఆన్ చేశాడు.

గుర్తు. చుక్కలు. నీలం.

"అయిపోయింది," అన్నాడు కుర్చీలో వెనక్కి వాలి. "పాత డిస్కు కూడా పోయింది. కాపీ చేసే స్ట్రెయిన్‌కి చచ్చిపోయింది. క్లోన్ కూడా కరప్ట్. ఎండ్ ఆఫ్ స్టోరీ అక్కా."

ఆ మాట అంటూనే అతని బొటనవేళ్ళు ఫోను మీద పరుగెత్తాయి. బల్ల మీద ఉన్న ఎస్తేరు ఫోను కిర్రుమంది. కమిటీ గ్రూపు. సిస్టర్ మెషీన్ చాలా పాతది కావడంతో డేటా మొత్తం పోయింది, విచారిస్తున్నాం, పని సర్జాపుర రోడ్డు స్టూడియోకు అప్పగిస్తున్నాం, ప్రార్థించండి. కింద అప్పుడే ఏడుపు బొమ్మలు మొదలయ్యాయి.

"ఎస్ఎస్‌డీని క్లీన్ చేసి కొత్త విండోస్ వేసిస్తానక్కా. కనీసం మీకు మిషన్ అయినా మిగులుతుంది." ఎస్ఎస్‌డీ మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తీయప్పా."

ఆ గొంతు విని శామ్యూల్ చెయ్యి నిజంగానే తీసేశాడు.

"సుమ్నె మాట్లాడకుండా ఆ కుర్చీలో నుంచి లెయ్యి. పక్కన నిలబడు. దేన్నీ ముట్టద్దు."

"అక్కా, ఇది టెక్నికల్..."

"పొద్దున నువ్వొచ్చేప్పుడు ఈ పాత డిస్కు నడుస్తాండె. టక్కుటక్కుమంటానే నడుస్తాండె. ఇప్పుడు ఇదీ నీలమే, కొత్తదీ నీలమే. రెండు డిస్కులు ఒగే నిమిషంలో, ఒగే మాదిరి ఎట్ల చస్తాయప్పా? మాట్లాడుకుని చచ్చినాయా?"

శామ్యూల్ లేచి పక్కకు జరిగాడు.

ఎస్తేరు కుర్చీలో కూర్చుంది. ఆమెకు ఇంగ్లీషు అంతంత మాత్రం. డిస్కుల సంగతి ఫయాజ్ చేస్తుంటే చూసిందే తప్ప చదివింది లేదు. కానీ ఇరవై రెండేళ్ళుగా ఆమె చేసే పని ఒకటి ఉంది. దిద్దిన ప్రూఫ్ వచ్చినప్పుడు పాత కాగితం పక్కన కొత్త కాగితం పెట్టి, అర్థం పట్టించుకోకుండా, ఎక్కడ ఏ గుర్తు మారిందో మాత్రమే చూడటం. అర్థం చూస్తే కన్ను జారుతుంది. ఆకారం చూస్తే జారదు.

ఆమె ఎఫ్2 నొక్కింది. నీలం పేజీ వచ్చింది. వరుసలు కింద నుంచి పైకి చూసుకుంటూ వచ్చింది. నాలుగో వరుస దగ్గర ఆగింది.

"ఇక్కడ మూడక్షరాల మాట ఉండె. ఐ తో మొదలు. ఇప్పుడు నాలుగక్షరాలు ఉండాది, ఏ తో మొదలు. నువ్వు మార్చినావు."

"అదే అక్కా, ఐడీఈ నుంచి ఏహెచ్‌సీఐకి... అది ఎస్ఎస్‌డీకి బెటర్... అందరూ..."

"అందరూ ఎక్స్‌పీకి చెప్పినారా, కొత్త విండోస్‌కి చెప్పినారా?"

శామ్యూల్ ఫోనులో ఆ వీడియో వెతకడం మొదలుపెట్టాడు. పాత ఎక్స్‌పీకి డిస్కుతో మాట్లాడటం ఒకటే పద్ధతిలో తెలుసు. ఆ పద్ధతి తీసేసి కొత్తది పెడితే, దాని ముందు డిస్కు ఉన్నా లేనట్టే. పాతదైనా, కొత్తదైనా.

ఎస్తేరు ఆ మాటను మళ్ళీ మూడక్షరాలకు మార్చి, సేవ్ కొట్టింది. లాప్‌టాప్ ఆపి, పాత డిస్కు ఊడదీసి, ఎస్ఎస్‌డీని తానే బిగించింది. స్క్రూలు సరిగ్గా నాలుగు. ఒక్కటి కూడా దొర్లలేదు. ఆన్ నొక్కింది.

గుర్తు. చుక్కలు.

శామ్యూల్ ఊపిరి బిగబట్టాడు. ఎస్తేరు బిగబట్టలేదు, తన మాట మీద తనకు నమ్మకం ఉంది. అయినా కుడిచెయ్యి చీరకొంగును పట్టుకునే ఉంది.

పచ్చటి కొండ, నీలాకాశం. ఎక్స్‌పీ తెర వచ్చింది. చప్పుడు లేదు, టక్కుటక్కులు లేవు. పుస్తకం ఫోల్డర్ మీద నొక్కగానే పేజీలు చటుక్కున తెరుచుకున్నాయి. తెలుగు అక్షరాలు, ఒత్తులతో, దీర్ఘాలతో, ఉన్నవి ఉన్నట్టు.

"ఈ మోడ్‌లో ఫుల్ స్పీడ్ రాదక్కా," అన్నాడు శామ్యూల్ సన్నగా.

"నీ ఫుల్ స్పీడ్ పొద్దుననుంచి చూస్తానే ఉండా."

అప్పటికి ఒంటిగంట. ఇంకో గండం మిగిలే ఉంది. స్కిప్ కొట్టిన ఆ మూడు చోట్లు. అవి పుస్తకంలో పడ్డాయో, పనికిరాని మూల పడ్డాయో తెలియదు. పేజీలు మొత్తం తిప్పి చూడక తప్పదు. ఎస్తేరు బీరువాలో నుంచి ఆఖరి ప్రూఫుల కట్ట తీసింది. ప్రతి పేజీ కింద కమిటీ తరఫున ఆకుపచ్చ ఇంకుతో 'ఓకే' అని శామ్యూల్ సంతకం ఉంది. నాలుగువందల నలభై ఓకేలు.

"కూచో. నువ్వు కాగితంలో పాట మొదటి వరుస చదువు. నేను స్క్రీన్ మీద చూస్తా. తొందరగా పోతాది."

శామ్యూల్ కట్ట అందుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "కళ్ళద్దాలు కారులో ఉన్నాయక్కా."

"నీకు అద్దాలు యాడివప్పా?"

కాస్త తటపటాయించి మొదలుపెట్టాడు. మొదటి పాట సరిగ్గానే చెప్పాడు. రెండోది చెప్పాడు. పదహారు దాకా ఎక్కడా తడబడలేదు. పదిహేడో పాట కూడా గడగడా చెప్పేశాడు.

ఎస్తేరు చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి.

అతను చెప్పింది పాత పుస్తకంలో పదిహేడో పాట. చర్చిలో పిల్లవాడిని అడిగినా నంబరు చెబితే పాట చెబుతాడు. కానీ కొత్త పుస్తకంలో ఒక ఆరాధన పాటను అక్కడ ఇరికించారు. పదిహేడు నుంచి అన్ని నంబర్లూ ఒకటి చొప్పున జరిగాయి. అతని చేతిలోని కాగితం మీద ఉన్నది వేరే పాట. అతను కాగితం వైపే చూస్తున్నాడు. లేని పాటను చదువుతున్నాడు.

"మళ్ళీ చదువు."

మళ్ళీ అదే చెప్పాడు. ఈసారి ఇంకొంచెం భావయుక్తంగా.

ఆమె కుర్చీ తిప్పి అతని ముఖంలోకి చూసింది. ఆదివారం ఆదివారం మొదటి వరుసలో నిలబడి, ఫోను చూసుకుంటూ గొంతెత్తి పాడే శామ్యూల్. ఆ ఫోనులో పాటలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయని ఆమె ఒకసారి చూసింది, తొందరకేమో అనుకుంది. తెలుగు పుస్తకం కమిటీ సెక్రటరీ. నాలుగువందల నలభై ఓకేలు.

"తెలుగు చదవడం రాదు నీకు," అంది. అడగలేదు, చెప్పింది.

శామ్యూల్ కట్టను ఒళ్ళో పెట్టుకుని దాని అంచులు సరిచేశాడు. "ఇక్కడే పుట్టాను కదక్కా. స్కూల్లో కన్నడ, హిందీ. మాట్లాడటం వస్తుంది..."

"రాకపోవడం తప్పు కాదప్పా. ఈ ఊర్లో సగం మందికి రాదు. రాకుండా ఓకే పెట్టినావే, దానికేమంటారు?"

ఎస్తేరు కట్ట లాక్కుని తన ఒళ్ళో పెట్టుకుంది.

"పేజీ నంబర్లు పిలువు. స్క్రీన్ మీద కింద మూల ఉంటాది. అంకెలు వస్తాయి కదా?"

అంకెలు వచ్చు. సొల్యూషన్స్ డైరెక్టర్ మూడు గంటలపాటు కాడుగోడిలో ఒక ముందుగదిలో కూర్చుని, పేజీ తిప్పడం, నంబరు పిలవడం చేశాడు. ఒకటి నుంచి నాలుగువందల నలభై దాకా. ఎస్తేరు కాగితం, తెర, కాగితం, తెర చూసుకుంటూ పోయింది. నూట ఎనభై ఎనిమిదో పేజీ సగం నుంచి చెత్తగా ఉంది. రెండువందల ఆరు తెరుచుకోనే లేదు. రెండూ ప్రూఫు చూసి మళ్ళీ కొట్టింది. మూడోది పుస్తకంలో పడలేదు. అది శామ్యూల్ అదృష్టమో, దేవుడి దయో ఆమె తేల్చుకోలేదు.

అయిదుంబావుకు పీడీఎఫ్ మొదలుపెట్టింది. నలభయ్యో పేజీ దగ్గర ఆగలేదు. నూరు దాటింది, మూడువందలు దాటింది, పూర్తయింది. పీడీఎఫ్‌లో ఫాంట్లు లోపలే ఉంటాయి గనక ఇక ఎవరు తెరిచినా తెలుగే కనిపిస్తుంది, వైరస్ కనిపించదు. అయిదూ నలభైకి ఫైలు ప్రెస్సుకు వెళ్ళింది. అయిదూ నలభై మూడుకు ప్రెస్సు నుంచి జవాబు వచ్చింది. అందింది, అచ్చు ప్లేట్ల తయారీకి పంపుతున్నాం.

శామ్యూల్ స్క్రూడ్రైవర్ల పెట్టె సర్దుకున్నాడు. వాకిలి దాకా పోయి వెనక్కి తిరిగాడు.

"అక్కా... ఈ సంగతి కమిటీలో..."

"ఏ సంగతి?" అంది ఎస్తేరు. "పెన్‌డ్రైవ్ సంగతా? నీలం స్క్రీన్ సంగతా? పదిహేడో పాట సంగతా? డేటా పోయిందని నువ్వు గ్రూపులో పెట్టినావు కదా, నా మిషన్ మీద వేసి. పోలేదని చెప్పాలంటే ఏదో ఒగటి చెప్పక తప్పదు. మూడింట్లో ఏది చెప్పాలో నువ్వే చూడు."

శామ్యూల్ నిజంగానే ఆలోచించాడు. హోటల్లో మెనూ కార్డు చూసే మనిషిలా నిలబడి, ఒక్కొక్కటీ తూచి చూశాడు.

"పెన్‌డ్రైవ్," అన్నాడు చివరికి.

"సరే, నువ్వే రాయి. ఇప్పుడే. నేను చూస్తాండా."

అతను వాకిట్లో నిలబడే ఇంగ్లీషులో టైపు చేసి, పంపకుండా ఫోను ఆమెకు చూపించాడు. ఎస్తేరు దాన్ని దూరంగా పట్టుకుని, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ చదివింది. పుస్తకం ప్రెస్సుకు చేరిందని ఉంది. సిస్టర్‌కు కృతజ్ఞతలని ఉంది. శామ్యూల్ లాప్‌టాప్ పొరపాటున పెన్‌డ్రైవ్‌ను చెరిపేసిందని ఉంది.

"లాప్‌టాప్ చెరపలేదు," అంది ఫోను తిరిగిస్తూ. "నేను అని పెట్టు."